పాట ఎవరి నోట పెరిగింది?

(కరీంనగర్‌లో విద్యార్థులు, ఉద్యోగులు కలిసి పెట్టుకున్న ఒక సాయంత్రపు సభలో మా విలేకరి చేసిన ప్రసంగ పాఠం)

 

ఇయ్యాల్టి ముచ్చట ఒక కొట్లాట నుంచి పుట్టింది. మొన్న మంచిర్యాల నుంచి కరీంనగర్ వచ్చే ఆర్టీసీ బస్సులో ఇద్దరు పంచాయితీ పెట్టుకున్నరు. ఒకాయన పెద్దపల్లి దిక్కు పంతులు సార్. 2011 సకల జనుల సమ్మెలో 42 రోజులు టెంటు కింద కూసున్న మనిషి. ఇంకొకడు డిగ్రీ రెండో సంవత్సరం పోరగాడు. రాష్ట్రం వచ్చేనాటికి వాడు మూడో తరగతి గూడ దాటలేదు. పంచాయితీ భూమి గురించి కాదు, సీటు గురించి కాదు. 'జయ జయహే తెలంగాణ' పాట గురించి.

"మేము రోడ్ల మీద పాడిందే అసలు పాట. 2024లో వచ్చిన దానికి బాజాలెక్కువ, బాధ తక్కువ" అని సార్ అంటడు. "సార్, నాకు తెలిసిందే కొత్తది. మీ పాతదాన్ని ఫోన్‌లో విన్న, సౌండే సక్కగ లేదు" అని పోరడు అంటడు. సుల్తానాబాద్ దాటేసరికి బస్సు రెండు పార్టీలయింది. కండక్టరమ్మ టికెట్లు కొట్టుడు ఆపి సార్ దిక్కు చేరింది. వెనక సీట్ల కాలేజీ పిల్లలంతా పోరని దిక్కు.

మేము ఆ బస్సులోనే ఉన్నం. మమ్మల్ని తీర్పు చెప్పమన్నరు. పత్రికోళ్లం గదా, ఏదో ఒకటి చెప్తమనుకున్నరు. చెప్పలేకపోయినం. ఆ రోజు చెప్పలేని మాటనే ఇయ్యాల మీ ముందట పెడుతున్నం. జనం నోట ఒకసారి నిలిచిన పాటను ఇంకొకరు మళ్లీ పాడితే అది మొదటిదాన్ని మించుతదా? ఈ కాలం పిల్లలు దీన్నే 'కవర్ సాంగ్' అంటున్నరు. మాట కొత్తదే గాని పని మన ముత్తాతల నాటిది.

మొదటి పాట ఎక్కడున్నది?

మన దగ్గర ఈ ప్రశ్న అడిగే ముందు ఇంకో ప్రశ్న అడగాలె. అసలు మొదటి పాట ఎక్కడున్నది?

వేములవాడ దగ్గరి హనుమాజీపేటను చూడుండ్రి. ఆ ఒక్క ఊరు ఇద్దరిని కన్నది. ఒకరు సినారె. 1962లో 'గులేబకావళి కథ'తో సినిమాలోకి పోయినప్పటి నుంచి ఆయన పాట ఎక్కడ అచ్చయినా కింద ఆయన పేరున్నది. రెండో మనిషి మిద్దె రాములు. ఒగ్గు కథకు పెద్ద పేరు తెచ్చిన కళాకారుడు. మరి మల్లన్న కథ మొదలు ఎవరు కట్టిండ్రు? ఒగ్గు పూజారిని అడిగితే గురువు పేరు చెప్తడు. గురువును అడిగితే ఆయన గురువు పేరు చెప్తడు. ఆ తొవ్వ పట్టుకొని ఎంత దూరం పోయినా మొదటి మనిషి దొరకడు. అట్లని కథ అనాథ కాదు. ప్రతి ఒగ్గు కళాకారుడు దానికి తండ్రే.

ఆదిలాబాద్ దిక్కు పోదాం. గోండుల వంశాల కథలను పర్ధాన్లు కికిరి వాయించుకుంట తరతరాలుగా పాడుతున్నరు. కథ గోండులది, గొంతు పర్ధాన్లది. తండ్రి పాడింది కొడుకు పాడుతడు. కొడుకు గొంతు తండ్రిని మించిందా లేదా అన్నది వినే గూడెం చెప్పాలె. మార్కులు వేసే జడ్జి ఎవరూ ఉండరు.

ఇగ బతుకమ్మ. ఒకే ఉయ్యాల వరుస. కరీంనగర్‌లో ఒక తీరు సాగదీస్తరు, నిర్మల్‌లో ఇంకో తీరు తిప్పుతరు. అత్తగారింటికి పోయిన బిడ్డ తల్లిగారి ఊరి పాట పట్టుకపోతది. మళ్ల ఏడాది పండుగకు వచ్చేటప్పుడు అదే పాటకు అక్కడి మాటలు అంటించుకొని వస్తది. పాట గూడ ఆడబిడ్డ లెక్క రెండిండ్ల మధ్య తిరుగుతనే ఉంటది.

అందుకే చెప్తున్నం. మళ్లీ పాడుడు మన నేలకు తప్పు గాదు. మళ్లీ పాడకపోతేనే పాట చచ్చిపోతది.

అచ్చు గుద్దినట్టు పాడితే?

అయితే అన్ని మళ్లీ పాడుళ్లు ఒక తీరు గావు. గణపతి నవరాత్రులల్ల మన ఊర్లల్ల ఆర్కెస్ట్రా పెట్టేటోళ్లు, యాదికున్నదా? స్టేజి మీద ఒక జూనియర్ ఘంటసాల, ఒక జూనియర్ బాలు. కండ్లు మూసుకొని వింటే రేడియో పెట్టినట్టే ఉండేది. చప్పట్లు గట్టిగనే కొట్టినం. ఆ కళాకారులు గొప్పోళ్లు గాదని మేము అనం. ఎంత సాధన చేస్తే ఆ గమకం పలుకుతది! కని ఇంటికొచ్చినంక మనకు యాదికొచ్చింది ఘంటసాలనే. అచ్చు గుద్దినట్టు పాడితే వచ్చే మెప్పంత మొదటోనికే పోతది.

క్యాసెట్ల కాలంలో ఇదే పెద్ద వ్యాపారమయింది. పాత హిందీ పాటల రికార్డులు హెచ్‌ఎంవీ చేతుల ఉండేటివి. 1980లలో గుల్షన్ కుమార్ టీ-సిరీస్ అదే పాటలను కొత్త గొంతులతో మళ్లీ పాడించి, తక్కువ ధరకు క్యాసెట్లు వేసి పాన్ డబ్బాల దాకా పంపింది. పాత చట్టంలో రెండేండ్లు దాటిన రికార్డును రుసుము కట్టి మళ్లీ పాడించుకునే సందున్నది. 2012లో చట్టం సవరించి ఆ గడువును ఐదేండ్లు చేసిండ్రు. ముందుగాల నోటీసు ఇయ్యాలె, సొమ్ము కట్టాలె, పాటను ఇష్టమొచ్చినట్టు మార్చొద్దు అని షరతులు పెట్టిండ్రు.

ఈ చట్టంలో మనకు తగిలే ముల్లు ఒకటున్నది. పాట కట్టిన మనిషికి బతికున్నన్ని రోజులు, సచ్చిపోయినంక ఇంకో 60 ఏండ్లు హక్కుంటది. మంచిదే. మరి ఎవరు కట్టిండ్రో పేరు రాసిపెట్టని పాటకు? నాట్లేసుకుంట మన అవ్వలు కట్టిన పాటకు? చట్టం కంటికి ఆ పాట కనపడదు. దాన్ని ఎవరు ముందుగాల రికార్డు చేస్తే ఆ రికార్డు వాళ్లది. రెక్కల కష్టం ఒకరిది, పట్టా ఇంకొకరిది. ఈ కథ మనకు కొత్తనా?

మించిన పాటలు

ఇప్పుడు నిజంగ మించిన పాటల ముచ్చట చెప్పుకుందాం.

'బండెనక బండి' ఎవరి పాట? ఈడున్న పోరగాళ్లను అడిగితే సగం మంది గద్దరన్నది అంటరు. ఆ పాట సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టింది. 1979లో గౌతం ఘోష్ తీసిన 'మా భూమి' సినిమాలో గద్దరన్న గొంగడేసుకొని కర్ర పట్టుకొని పాడిండు. ఆ పాట కట్టినప్పటి నైజాం రాజ్యం పోయి అప్పటికి 30 ఏండ్లు దాటింది. మరి పాత రాజును తిట్టిన పాట కొత్త కాలానికి ఎందుకు తగిలింది?

అప్పుడు మన దగ్గర ఏం జరుగుతున్నదో యాది చేసుకోండ్రి. 1978లో జగిత్యాల జైత్రయాత్ర. పాలేర్లు, కూలీలు, చిన్న రైతులు ఊర్లకు ఊర్లు కదిలిండ్రు. దొరల గడీల ముందట తలెత్తి నిలబడ్డరు. సిరిసిల్ల, జగిత్యాల ప్రాంతాలను సర్కారు కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. 1981 ఏప్రిల్‌లో ఇంద్రవెల్లిలో గోండుల మీద తూటాలు పేలినయి. ఆ నడుమల వచ్చింది ఆ పాట. నైజాం పోయిండు కని దొర పోలేదని జనానికి ఎరుకే. యాదగిరి పాటను గద్దర్ మళ్లీ పాడినప్పుడు మాట పాతదే, తగిలిన గాయం కొత్తది. అందుకే ఆ పాట పెరిగింది. గద్దర్ గొంతు యాదగిరి గొంతుకంటె మంచిదా అని మనం కొలవలేం, అవసరం గూడ లేదు. యాదగిరి పాట పోయిన దూరం మాత్రం గద్దర్ నోట పెరిగింది.

రెండోది మన బిడ్డ పాట. గూడ అంజయ్యన్నది దండేపల్లి మండలం లింగాపురం. అప్పుడు ఆదిలాబాద్ జిల్లా, ఇప్పుడు మంచిర్యాల. సర్కారు కొలువులో ఫార్మసిస్టు. ఈడున్న ఉద్యోగ మిత్రులు గుండె మీద చెయ్యేసుకొని వినాలె. సర్కారు దవాఖాన మీద అంత ఘాటు పాట కట్టింది బయట నిలబడి రాళ్లేసే మనిషి గాదు. మందుల వాసన ఎరిగిన మనిషి. ఆయన 1970లలో కట్టిన 'ఊరు మనదిరా' ఎన్ని నోళ్ల తిరిగింది! ఎన్ని భాషల్లోకి పోయింది! ఊరు దొరది గాదు, మనది అని కూలోనికి చెప్పిన పాట అది. ముప్పై ఏండ్లయినంక ధూంధాం వేదికల మీద అదే పాట లేచింది. అప్పుడు దాంట్ల 'మనది' అన్న మాటకు ఊరు చాలలేదు. గోదావరి మనది, సింగరేణి బొగ్గు మనది, నౌకరి మనది, రాష్ట్రం మనది అని వినపడ్డది. పాటలో అక్షరం మారకున్నా అర్థం పెరిగింది. గోదావరిఖనిలో షిఫ్టు దిగిన కార్మికుడు పాడితే ఒక అర్థం, కలెక్టరేట్ ముందు గుమస్తా పాడితే ఇంకో అర్థం. అంజయ్యన్న ఒక్కడు ఇన్ని అర్థాలు పెట్టలేదు. మళ్లీ పాడినోళ్లు పెట్టిండ్రు.

దూర దేశం కథ ఒకటి చెప్తం. మన కరీంనగర్, నిర్మల్ బీడీ కార్ఖానల అక్కలకు ఇది దగ్గరి కథే. 1945లో అమెరికాల చార్లెస్టన్ పట్నంలో పొగాకు ఫ్యాక్టరీ కార్మికులు సమ్మె చేసిండ్రు. దాంట్ల ఎక్కువ మంది నల్లజాతి ఆడవాళ్లు. చర్చిలో పాడుకునే పాత భక్తి పాటను సమ్మె దగ్గరికి తెచ్చుకున్నరు. పాత పాటలో 'నేను' అని ఉండేది. వీళ్లు 'మేము' అని మార్చుకున్నరు. ఒక్క మాట! ఆ మారిన పాటను జిల్ఫియా హోర్టన్ అనే ఆమె నేర్చుకొని పీట్ సీగర్‌కు నేర్పింది. 1960లలో నల్లజాతి హక్కుల ఉద్యమానికి అదే ఊపిరయింది. మనం బడిలో నేర్చుకున్న 'హమ్ హోంగే కామ్యాబ్' ఆ పాటనే. హిందీలోకి తెచ్చింది గిరిజా కుమార్ మాథుర్. చర్చిలో పుట్టిన పాటను పొగాకు కార్మికులు మించిండ్రా లేదా? మించిండ్రు. ఒంటరి భక్తుని పాట గుంపు పాటయింది.

పేరు ఎక్కడ పోయింది?

ఇగ ఇప్పుడు చేదు ముచ్చట.

2021లో 'సారంగదరియా' పాట వచ్చింది. శేఖర్ కమ్ముల 'లవ్ స్టోరీ' సినిమాలది. సుద్దాల అశోక్ తేజ రాసిండు, మంగ్లి పాడింది, దేశమంత ఎగిరింది. పల్లవి మన జానపదం. ఓరుగల్లు దిక్కు గాయని ఒకామె దాన్ని అంతకుముందే టీవీ వేదిక మీద పాడింది. ఊర్ల పెద్దమనుషుల దగ్గర నేర్చుకొని పదిమందికి వినిపించిన నా పేరేది అని ఆమె అడిగింది. గొడవ బయటికొచ్చినంక ఆమెకు గుర్తింపు ఇస్తమని దర్శకుడు అన్నడు.

సినిమా పాట బాగలేదని మేము అనం. మంచిగున్నది, కాళ్లు ఆగవు. కొత్త చరణాలు పడ్డయి, పాట పెద్దగయింది. మరి మించిందా? సంగీతంలో మించిందనుకుందాం. కని ఆ గాయని నోరు తెరిచి అడిగేదాక ఆమె యాదికి రాలేదు. ఆమెకు నేర్పిన ఊరోళ్లయితే ఇప్పటికీ ఎవరికీ యాదికి రాలేదు. అక్కడ పాట కురచయింది.

దీనికి ఎదురుంగ ఇంకో కథ చూడుండ్రి. అమెరికాల డాలీ పార్టన్ అనే గాయని 1974లో 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ' పాట విడుదల చేసింది. పెద్ద స్టార్ ఎల్విస్ ప్రెస్లీ దాన్ని పాడుతనన్నడు. పాడాలంటే హక్కుల సగం రాసియ్యాలె అని ఆయన మేనేజర్ అడిగిండు. పేదింట్ల పుట్టిన ఆడమనిషి, అంత పెద్ద స్టార్‌కు అడ్డం చెప్పింది, ఇయ్యనన్నది. 1992లో విట్నీ హ్యూస్టన్ ఒక సినిమాలో అదే పాట పాడితే లోకం ఊగింది. మొదటి పాటను మించిందని చానామంది అంటరు. దాంతోని డాలీకి పోయిందేమున్నది? పేరు నిలిచింది, పైసలొచ్చినయి. మళ్లీ పాడిన మనిషి పైకి పోతే మొదటి మనిషి గూడ పైకే పోయింది. ఇద్దరి నడుమ కాయిదం సక్కగుంటే పాట మించుడు ఎవరికీ నష్టం గాదు. మన అవ్వలకు ఆ కాయిదం లేదు. గొడవంతా అక్కడ్నే.

ఇందాక చెప్పిన సమ్మె పాటనే చూడుండ్రి. దాని మీద వచ్చే పైసలను సీగర్ తోటోళ్లు ఇంటికి పట్టుకపోలేదు. అమెరికా దక్షిణాది నల్లజాతి జనం పనులకు వాడాలని ఒక నిధి పెట్టిండ్రు. 2018లో ఆ పాట అందరి సొత్తయింది. జనం పాటతోని వచ్చిన సొమ్ము జనానికి పోయే తొవ్వ ఉంటదని దీంతోని తెలుస్తలేదా?

మా తప్పు గూడ ఉన్నది

సినిమావోళ్లను అనుడు అల్కగ. మనల్ని మనం అడుగుదాం.

2011 సమ్మె రోజులు. మేము అప్పుడు డిగ్రీ అయిపోయి పత్రికలో కొత్తగ చేరిన పోరగాళ్లం. పొద్దంత ర్యాలీలల్ల నడుచుడు, రాత్రి వార్త రాసుడు. కరీంనగర్‌లో రోడ్డు మీద వంటావార్పు నడుస్తున్నది. పెద్ద గంజుల పప్పు ఉడుకుతున్నది. ఒక ఆఫీసు అటెండరమ్మ బతుకమ్మ వరుసలో పాట ఎత్తుకున్నది. 1985లో వచ్చిన 610 జీవో 26 ఏండ్లయినా అమలు గాని ముచ్చట, పక్క కుర్చీల వేరే జిల్లా మనిషి వచ్చి కూసున్న ముచ్చట, తన కొడుకు దరఖాస్తులు పెట్టీ పెట్టీ అలిసిన ముచ్చట, అన్నీ ఆ ఉయ్యాలలో ఊగినయి. చుట్టున్న ఆడవాళ్లు ఒక్కో మాట అందుకొని కలిపిండ్రు. అక్కడున్న పోలీసు కానిస్టేబుల్ తల వంచుకొని విన్నడు.

మేము ఏం రాసినం? 'ఈ సందర్భంగా మహిళలు పాటలు పాడి నిరసన తెలిపారు.' అంతే. ఒక్క లైను. పేరు అడగలేదు, పాట రాసుకోలేదు. కొన్ని నెలలకు అదే వరుస, ఇంచుమించు అవే మాటలు ఒక సీడీల విన్నం. అట్ట మీద రచన అని వేరే పేరున్నది. మాకు కోపం వచ్చింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలె? సీడీ వేసినోడు పాటను రోడ్డు మీద నుంచి ఏరుకున్నడు. దాన్ని రోడ్డు మీద వదిలేసింది మేమే గదా!

ఉద్యమంలో మన దగ్గర పాటలకు కరువు లేకుండె. ఉయ్యాల వరుసలు, కోలాటం వరుసలు, ఆఖరికి సినిమా వరుసలు గూడ తీసుకొని మన మాటలు పెట్టుకున్నం. 2002లో కామారెడ్డిలో ధూంధాం మొదలైనప్పటి నుంచి వేల నోళ్లు పాడినయి. అండ్ల పేరున్న పది మందిని రాసుకున్నం. మిగిలినోళ్లను 'కళాకారులు' అని ఒక్క మాటతోని దాటేసినం. 2024 డిసెంబర్‌లో రాష్ట్ర సర్కారు తొమ్మిది మందికి ఇండ్ల జాగలు, కోటి రూపాయలు ప్రకటించింది. బండి యాదగిరి, గూడ అంజయ్య, గద్దర్, అందెశ్రీ పేర్లు ఆ జాబితాల ఉన్నయి. సంతోషం. ఆలస్యమైనా పేరు పలికిండ్రు. మరి మన మండలాల, మన గూడేల పేర్ల జాబితా ఎవరు రాయాలె? దానికి గూడ సర్కారు జీవో కావాల్నా?

బస్సు పంచాయితీకి తీర్పు

ఇప్పుడు సార్ దగ్గరికి, పోరని దగ్గరికి వద్దాం.

అందెశ్రీ బడి మెట్టు ఎక్కని మనిషి. పసులు కాసిండు, ఇండ్లు కట్టే పని చేసిండు. ఆయన నోట పుట్టిన పాట ఉద్యమమంతా నడిచింది. బడుల్ల ప్రార్థనయింది, సభలకు మొదలయింది. రాష్ట్రం 2014లో వచ్చింది. ఆ పాట రాష్ట్ర గీతం కావడానికి ఇంకో పదేండ్లు పట్టింది. 2024 జూన్ 2న సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో కీరవాణి సంగీతంతోని రెండు తీర్ల విడుదలయింది. రెండున్నర నిమిషాలది ఒకటి, పదమూడున్నర నిమిషాలది ఒకటి. మన పాటకు బాణీ పని మనోళ్లకే ఇయ్యాలె గదా అని తెలంగాణ సినీ సంగీత కళాకారుల సంఘం అంతకుముందే అడిగింది. ఆ అడుగుడు న్యాయమైందే. అవకాశాలు మన పిల్లలకు రావాలనే గదా కొట్లాడింది. కీరవాణి పనితనాన్ని తక్కువ చెయ్యాల్సిన పని లేదు. పాట కట్టిన అందెశ్రీ దానికి ఒప్పుకున్నడు. 2025 నవంబర్ 10న ఆయన మనల్ని విడిచి పోయిండు. తన పాట రాష్ట్ర గీతమైంది చూసి పోయిండు, అది మనకు దక్కిన తృప్తి.

మరి ఏది గొప్పది? ఇప్పటిదాక చెప్పుకున్న ముచ్చట్లతోని మూడు కొలతలు పెట్టుకుందాం. మొదటి మనిషి పేరు నిలిచిందా? మన యాస, మన మాట నిలిచిందా? ఎన్ని కొత్త నోళ్లు తెరుచుకున్నయి?

మొదటి కొలతలో కొత్త పాట నెగ్గింది. అందెశ్రీ పేరు ఎరుగని మనిషి లేడు. రెండో దాంట్ల గూడ పెద్ద నష్టం లేదు, మాటలు ఆయనవే. మూడో దాని దగ్గరనే ఆగుతున్నం. పాత పాటను శ్రుతి తెలువనోళ్లు పాడిండ్రు. లాఠీల ముందట గొంతు బొంగురుపోయినోళ్లు పాడిండ్రు. ఉస్మానియాల, కాకతీయల పోరగాళ్లు, ఖని కార్మికులు, కోర్టు ముందట వకీళ్లు పాడిండ్రు. ఫోన్‌లో సౌండ్ సక్కగ లేదని పోరడు అన్నది నిజమే. అక్కడ మైకు ఎవరు పట్టుకున్నరు! ఇప్పుడు కార్యక్రమాలల్ల చానా చోట్ల మేము చూసేదేంది? డబ్బాల పాట మోగుతది, మనం లేచి నిలబడి మూతి ముడుచుకొని వింటం. డబ్బా బందయితది, కూసుంటం.

అందుకే సార్‌కు మా మాట: సార్, మీ పాట గొప్పది. మరి ఈ పదేండ్లల్ల ఎంత మంది పిల్లలకు నేర్పిండ్రు? పోరనికి మా మాట: తమ్మీ, నీ పాట గూడ గొప్పదయితది. ఎప్పుడు? నువ్వు నోరు తెరిచి పాడినప్పుడు. ఉట్నూరు ఆశ్రమ పాఠశాలల గోండు బిడ్డ తన గొంతుతోని, తన యాసతోని ఆ పాట అందుకున్ననాడు అది రోడ్డు పాటను గూడ మించుతది. అందాకా తీర్పు వాయిదా!

నోరు మూసే పాట

మూడో కొలత ఎంత ముఖ్యమో ఒక్క బతుకమ్మ దగ్గరికి పోతే తెలుస్తది. ఇప్పుడు ఊరూర డీజే. మన ఉయ్యాల పాటనే రీమిక్స్ చేసి, దరువు పెంచి, డబ్బాలు పెట్టి కొడుతున్నరు. పాట మనదే, వరుస మనదే. కని సుట్టూ తిరిగే అక్కచెల్లెండ్లు చప్పట్లు కొడుతున్నరు గాని పాడుతలేరు. పాడినా వినపడది. పాడే మనిషి లేకపోతే కొత్త మాట ఎట్ల పడుతది? ఆ ఏడాది ఊర్ల ఏం జరిగిందో, ఎవరి పంట ఎండిందో, ఎవరి బిడ్డ దుబాయికి పోయిండో పాటలకు ఎట్ల ఎక్కుతది? మొదలు పాడినోళ్ల నోళ్లనే మూసేసిన పాట ఎంత గొప్పగ మోగినా మించినట్టు గాదు.

యూట్యూబ్‌ల మన పిల్లలు జానపదాలు తీస్తున్నరు. మంచి పని. పల్లె గొంతులకు నాలుగు పైసలొస్తున్నయి. వాళ్లతోని ఒక్కటే అడుగుతున్నం. పాట కింద రాసే దగ్గర ఎవరి దగ్గర నేర్చుకున్నరో, ఏ ఊర్ల విన్నరో ఒక్క ముక్క రాయుండ్రి. నేర్పిన అవ్వకు వచ్చిన దాంట్ల పాలు పెట్టుండ్రి. చట్టం అడగకపోవచ్చు. మన కడుపుల సల్ల కదలాలె.

విద్యార్థి మిత్రులారా, ఈ దసరాకు ఊరికి పోయినప్పుడు ఒక నోటుబుక్కు పట్టుకపోండ్రి. ఒక్క పాట, పాడిన మనిషి పేరు, ఆమెకు నేర్పిన మనిషి పేరు, ఊరి పేరు రాసుకరాండ్రి. ఉద్యోగ మిత్రులారా, సమ్మెల మీ టెంటు కింద పుట్టిన పాటలు మీకే యాదికుంటయి. రిటైరైపోతున్నరు, జర తొందరపడుండ్రి.

ఆఖరుకు ఒక్క మాట చెప్పి దిగిపోతం. ఆ అటెండరమ్మను ఈ నడుమ వెతుక్కుంట పోయినం. రిటైరయి బిడ్డ దగ్గర ఉంటున్నది. పాట పాడుమంటే సగం మరిచిపోయినన్నది. పక్కనే ఆమెతోని పనిచేసిన ఇంకో అక్క ఉండె. ఆమె ఎత్తుకున్నది. అటెండరమ్మ ఆగబట్టి విన్నది, నవ్వింది. "నేను ఇట్ల పాడలే బిడ్డా. ఇది నాదానికంటె మంచిగున్నది" అన్నది. సీడీ మీద వేరే పేరున్న ముచ్చట చెప్పి, ఇప్పుడన్న మీ పేరు రాస్తమన్నం. ఆమె కొంచెంసేపు ఆలోచన చేసింది. "నా ఒక్కదాని పేరెందుకు? గంజు దగ్గరున్నోళ్లందరం కలిపినం. అటెండర్లు కట్టిన పాట అని రాయుండ్రి" అన్నది.

పద్నాలుగేండ్లు దాటినంక ఆ వార్త ఇయ్యాల రాస్తున్నం. 2011ల కరీంనగర్ రోడ్డు మీద, వంటావార్పు కాడ, 610 జీవో మీద లేచిన ఉయ్యాల పాట అటెండర్లు కట్టింది.

జై తెలంగాణ!